మన్ను కప్పిన వేర్లు

ఊరకున్నంత ఉత్తమం లేదు అన్నవాడెవడో వ్యవసాయం చేసినవాడు మాత్రం కాదు. చేసి ఉంటే, చేలో పుట్టి పెరిగిన మనిషిని చేతులు కట్టుకుని కూర్చోమనడం ఎంత కష్టమో తెలిసేది. హేమ్లిని కూర్చోమన్నారు. ఆమెకు చేతకాలేదు. జరిగినదంతా అందువల్లే జరిగింది.

హేమ్లిది ఇల్లందు పక్క ఒక తండా. నడక వచ్చిన నాటి నుంచీ మిరపతోటలోనే పెరిగింది. మొగుడు రామ్‌చందర్‌కు పాల్వంచ థర్మల్‌లో కొలువు దొరికాక కాలనీ క్వార్టర్‌కు కాపురం వచ్చింది. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక మంచం పట్టేంత పెరడు. ఆ పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. గోడకు అవతల ఖతీజా ఉండేది.

కాలనీ ఆడవాళ్లకు హేమ్లి మొదట్లో తమాషా అయిపోయింది. మోచేతి దాకా గాజులు, ఆ యాస, గ్యాసు బండను చూసి భయపడడం. కొళాయి దగ్గర ఆమె నోరు తెరిస్తే చాలు, బిందెల చాటున నవ్వేవాళ్లు. వీళ్లంతా పుట్టుకతోనే గ్యాసు పొయ్యి వెంట తెచ్చుకున్నట్టు! నవ్వనిది ఖతీజా ఒక్కతే. పొయ్యి వెలిగించడం నేర్పింది. జ్వరం వస్తే గోడ మీద నుంచి గంజి అందించింది. "ఏంది బిడ్డా, గట్ల ముడుచుకుంటవ్? వాళ్లు నవ్వితే నీ గాజులు పగుల్తయా?" అనేది. హేమ్లి ఆమెను పిన్ని వరస చేసి ఖాలా అని పిలిచేది.

ఖతీజాకు అరవై దాటాయి. కొడుకు రజాక్ థర్మల్‌లోనే ఫిట్టర్. వారానికో షిఫ్టు, ఇంట్లో ఉన్నా నిద్రలోనే ఉంటాడు. భర్త అబ్దుల్ సత్తార్ కలప లారీ నడిపి, కొడుకు చదువు చూడకుండానే పోయాడు. పోయేముందు భార్యకు ఆయన ఇచ్చిన వాటిలో మిగిలింది ఒక మొక్క. భద్రాచలం దారిలో కూలిన చెట్టు కొమ్మకు పట్టుకుని ఉంటే, పదిలంగా ఒలిచి, తలపాగాలో చుట్టి తెచ్చాడట. అడవి ఊళ్లలో దాన్ని బదనిక అంటారు. రజాక్ పైఅధికారి ఒకసారి ఇంటికొచ్చి చూసి, దీన్ని ఆర్కిడ్ అంటారమ్మా, పట్నాల్లో చాలా గిరాకీ అన్నాడు. ఖతీజాకు ఆ రెండు పేర్లూ పట్టలేదు. "ఆయన మొక్క" అనేది. అంతే.

ఆ మొక్క ఉండే తీరు చూస్తే హేమ్లికి ఒళ్లు మండేది. కుండకు చుట్టూ మేకుతో బెజ్జాలు. కుండలో గూనపెంకు ముక్కలు, ఇటుక ముక్కలు, ఆర్పిన కట్టెబొగ్గు, సందుల్లో కొంచెం కొబ్బరి పీచు. మన్ను అన్నది చిటికెడు లేదు. పెన్సిలంత లావు తెల్లని వేర్లు కుండ అంచు దాటి గాలిలో వేలాడేవి. హేమ్లి తండాలో మిరప మొదళ్లకు మన్ను ఎగదోయడం ఆడవాళ్ల పని. ఎవరి చేలోనైనా వేరు బయటపడి కనిపించిందా, ఆ ఇంటి ఆడదాని పరువు పోయినట్టే. "కొంగు జారితే సర్దుకోవా? మొక్కకు కప్పవా?" అని అత్తలు దెప్పేవారు. మరి ఈ ఖాలా, మొగుడి గుర్తని ముద్దు చేసే మొక్కను, ఇట్లా బట్టలేని బిచ్చగత్తెలా ఎందుకు ఉంచిందో హేమ్లికి బోధపడేది కాదు. పెద్దావిడ, కళ్లు కనబడవు పాపం అనుకుంది.

కళ్లు కనబడని మాట నిజమే. రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లాలు. ఆ ఏడు చలి తగ్గకముందే రజాక్ ఆమెను ఖమ్మం కంటి దవాఖానాకు తీసుకెళ్లడానికి ఏర్పాట్లు చేశాడు. మొదట కుడి కన్ను, అది కుదుటపడ్డాక ఎడమది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు ఖమ్మంలోనే చెల్లెలు మలికా ఇంట్లో ఉండాలి. ఖతీజా భయపడింది, వద్దంది, చివరికి ఒక్క ఆశతో సరే అంది.

"దాని పువ్వు మంచిగ చూసి ఏండ్లయింది హేమ్లీ," అంది బయల్దేరే ముందు గోడ దగ్గర నిలబడి. "ఇప్పుడు ఏదో మసక ముద్ద లెక్క కనవడ్తది. నడుమ నాలుక ఉంటది చూడు, నీలం. బట్టలకు పెట్టే నీలిమందు ఉంటదే, అచ్చం అదే. ఎండాకాలం పూస్తది. ఈసారి కండ్లార చూడాలె. దానికోసమే ఈ కోతకు ఒప్పుకున్న."

"నేను చూసుకుంట ఖాలా. నువ్వు రందివడకు."

"పొద్దుగాల చెంబెడు నీళ్లు పొయ్యి. కింద నుంచి కారిపోవాలె. గంతే. ఇంకేం చెయ్యకు బిడ్డా, ఊకనే ఉంచు."

కుండను గోడ ఇవతల హేమ్లి పెరట్లో, జామచెట్టు నీడన వేలాడదీసి వెళ్లింది.

ఇంకేం చెయ్యకు. ఆ మాట హేమ్లికి మర్యాదగా వినిపించింది. పరాయి ఇంటి పిల్లకు పని చెప్పడం ఎందుకులే అని మొహమాటపడ్డ మాటగా తోచింది. మొహమాటపడితే మనం ఊరుకుంటామా? ఖాలా తిరిగి వచ్చి, వచ్చిన కొత్త చూపుతో మొదట చూసేది ఆ మొక్కనే. అప్పుడు అది పచ్చగా, నిండుగా ఉండొద్దూ? రామ్‌చందర్ తండాకు వెళ్తుంటే ఒక సంచి ఎర్రమన్ను, మాగిన మేక ఎరువు తెమ్మంది.

"పాల్వంచల మన్ను లేదా ఏందే?" అన్నాడు అతను.

"ఇక్కడి మన్నుల బూడిద పడ్తది. నువ్వు తే."

తెచ్చాడు. కొత్త కుండీ కొంది. పెంకులూ ఇటుకలూ బొగ్గూ గోడ పక్కన పారబోసి, మొక్కను కుండీలో నిలబెట్టి, వేళ్లతో మన్ను నొక్కి, తెల్లని వేర్లు ఒక్కటి కూడా కనిపించకుండా మొదలు దాకా ఎగదోసింది. పైన ఎరువు చల్లింది. చెంబు కాదు, బిందెడు పోసింది. చేతులు కడుక్కుని వెనక్కి జరిగి చూసుకుంటే కళ్లు చల్లబడ్డాయి. తల్లి చూస్తే మెచ్చుకునేది అనిపించింది.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత కింది ఆకు పసుపెక్కింది. ఎరువు వేడి చేసిందేమోనని ఇంకాసిని నీళ్లు పోసింది. రెండో ఆకు పసుపెక్కింది. ఇంకా పోసింది. నీళ్లు చాలకే వాడుతోందని చేలో పుట్టిన వాళ్లెవరైనా అనుకుంటారు. ఒకరోజు పొద్దున ఆకు మీద దుమ్ము తుడవబోతే మొవ్వంతా ఊడి చేతిలోకి వచ్చింది. మురుగు వాసన. మన్ను తవ్వి చూస్తే ఆ లావు వేర్లు లేవు. పట్టుకుంటే పైతోలు జారిపోయి, లోపల తడి దారం ఒక్కటి మిగిలింది.

హేమ్లి ఆ దారం పట్టుకుని జామచెట్టు కింద కూలబడింది. పోయిన మొక్క కన్నా, తాను ఎంత గర్వపడిందో ఆ గర్వం గుర్తొచ్చి ముఖం కాలిపోయింది. కాలనీ ఆడవాళ్లు నవ్వినప్పుడు, నాకు మీ పొయ్యి తెలియకపోవచ్చు, మొక్క తెలుసు అని లోపల అనుకునేది. ఆ ఒక్కటీ పోయింది. ఇంట్లో ఎవరూ లేకపోయినా కొంగు ముఖానికి కప్పుకుంది.

ఖమ్మం బస్సెక్కి వెళ్లి కాళ్ల మీద పడి చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ సిగ్గు మనిషిని తిన్న దారిన నడవనివ్వదు. హేమ్లి తండాకు బస్సెక్కింది. తమ్ముడు లాలును వెంటబెట్టుకుని అడవి అంచుకు పోయింది. ఇప్పచెట్ల మీద బదనికలు ఎన్ని లేవు!

"పూల కాడ వచ్చింది చూసి తియ్యిరా," అంది కింద నుంచి.

"ఎందుకక్కా? మందుకా?"

"నీకెందుకు? వేరు తెగకుండ ఒలువు."

చెట్టు మీద ఉన్న మొక్కను మొదటిసారి తలెత్తి నిజంగా చూసింది. కొమ్మ బెరడుకు వేర్లు అతుక్కుని, మిగతావి గాలిలో వేలాడుతున్నాయి. కొమ్మ మీద మన్ను లేదు. వాన పడితే తడుస్తుంది, గాలి వీస్తే ఆరుతుంది. దాని తిండి అదే. ఖాలా పెంకులతో, బొగ్గుతో కుండలో చేసిపెట్టింది చెట్టు కొమ్మనే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం, ఆ సంగతి ఇప్పుడు తెలిసింది.

క్వార్టర్‌కు వచ్చి గోడ పక్కన చెత్తలో వంగి, తాను పారబోసిన పెంకు ముక్కలూ ఇటుక ముక్కలూ ఏరుకుంది. బొగ్గు సగం తొక్కిడిలో పొడైపోయింది. ఇస్త్రీ చేసే అతని దగ్గర అడిగి తెచ్చింది. అన్నీ కడిగి, ఆరబెట్టి, బెజ్జాల కుండలో అడుగున పెద్దవి, పైన చిన్నవి, గాలి ఆడేలా వదులుగా పేర్చింది. వేర్లను కప్పాలని చేతులు లాగుతుంటే బలవంతంగా ఆపుకుంది. చూడ్డానికి అచ్చం పాత మొక్కే. రామ్‌చందర్ కూడా, "అబ్బ, తేరుకున్నదే!" అన్నాడు. హేమ్లి కుండను తీసుకెళ్లి జామచెట్టుకు తగిలించింది.

ఎండలు ముదిరాక ఖతీజా వచ్చింది. కుడి కంటికి సీసా అడుగంత మందం అద్దం. ఆ అద్దంలో కన్ను పెద్దదిగా, పసిపిల్ల కన్నులా కనిపించింది. హేమ్లి ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని చూసింది.

"నువ్వు గింత చిన్న పిల్లవా? నేను ఇంకా పెద్దదానివనుకున్న!" అని నవ్వింది. కుండను చూసి, నిండుగా మొగ్గలున్న కాడను చూసి, హేమ్లి చేతిని కళ్లకు అద్దుకుంది. "నీ చెయ్యి సల్లగుండ."

ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో హేమ్లికి తెలియలేదు.

కుండ మళ్లీ ఖతీజా పెరటికి చేరింది. మొగ్గలు విచ్చుకున్న రోజు ఆమె పొద్దున్నే సేమ్యా పాయసం కాచింది. గోడ దగ్గరకు పిలిచింది. రేకులు తేనెరంగులో, గోధుమ గీతలతో విప్పారి ఉన్నాయి. నడుమ నాలుక గులాబీ రంగు. నీలం ఛాయ మచ్చుకైనా లేదు. అడవిలో ఒక చెట్టు బదనిక ఒక రంగు, ఇంకో చెట్టుది ఇంకో రంగు పూస్తుందని హేమ్లికి ఎవరు చెప్పారు? అంత ఎత్తున పూసే పువ్వు నాలుక రంగు ఎవరు చూడబోయారు?

ఖతీజా అద్దాలు తీసి తుడిచి పెట్టుకుంది. మళ్లీ తీసింది. మళ్లీ పెట్టుకుంది.

"హేమ్లీ, నాకు గులాబీ లెక్క కనవడ్తందే. నీకు ఏ రంగు కనవడ్తంది?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి ఘడియ దొరకదు. ప్రశ్న కూడా ఆమే వేసింది. హేమ్లి నోరు తెరిచింది.

"నీలం ఖాలా," అంది.

ఖతీజా పువ్వు మీద నుంచి చూపు తిప్పుకుంది. పాయసం గిన్నె హేమ్లి చేతిలో పెట్టి, "రజాక్‌కు చెప్పకు బిడ్డా," అంది మెల్లగా. "పోరడు నా కంటి కోసం మస్తు తిరిగిండు. కన్ను ఖరాబైందని తెలిస్తే వానికి మనసు విరుగుతది. ఈ పువ్వు రంగు వేరెవ్వర్నీ అడగను, అడిగితే అందరికీ తెలుస్తది."

ఆనాటి నుంచి ఖతీజా తన కన్నును నమ్మడం మానేసింది. కొత్తిమీర వాడిందా పచ్చగా ఉందా అని హేమ్లిని అడిగేది. దారం రంగు అడిగేది. పండుమిరపకాయను చేతిలో తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టేసేది. సాయంత్రాలు గోడ అవతల కూర్చుని సన్నగా ఏడ్చేది. హేమ్లి ఇవతల గిన్నెలు తోముతూ వినేది. దొంగకు తేలు కుట్టినట్టు, కిక్కురుమనడానికి లేదు. తన మీద తనకే రోత పుట్టింది.

పువ్వులు రాలిపోతే రంగు గొడవ వదిలిపోతుందని కాచుకు కూర్చుంది. మల్లెలైతే మర్నాటికి రాలేవి. ఆ మాయదారి బదనిక పూలు వారాలు గడిచినా తాజాగా, గులాబీ నాలుక చాపి వెక్కిరిస్తూ నిలబడ్డాయి.

ఒకరోజు మధ్యాహ్నం రజాక్ గోడ దగ్గరకు వచ్చాడు. ఎప్పుడూ హేమ్లితో పెద్దగా మాట్లాడనివాడు, ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"భాభీ, మీరన్నా చెప్పుండ్రి. రెండో కంటి ఆపరేషన్‌కు డాక్టర్ రమ్మన్నడు. అమ్మీ రానంటంది. ఎందుకంటే చెప్పది. ఉన్న కన్ను ఉండనీ అంటది. ఆ కన్నుల మోతిబిందు ముదిరితే ఇంకేం జెయ్యలేమంట, జల్దీ తీసెయ్యాలంట. మీ మాటంటే ఇంటది."

హేమ్లి లోపలికి వచ్చి తలుపు వేసుకుంది. మొక్కను చంపడం తెలియక చేసింది. ఇప్పుడు తెలిసి తెలిసి ఒక కన్నును చంపుతోంది. రాత్రి రామ్‌చందర్‌కు మొదటిసారి అంతా చెప్పింది. అతను తల గోక్కున్నాడు. "ఇన్ని దినాలు దాచి ఇప్పుడు చెప్తే కాలనీ మొత్తం ఉమ్మేస్తది. నా పరువు కూడా పాయె," అన్నాడు. కాసేపాగి, "అయినా చెప్పు. ఆమె గంజి తాగినం," అన్నాడు.

మర్నాడు హేమ్లి గోడ మీద నుంచి పిలవలేదు. వీధిలోంచి తిరిగి వెళ్లి ముందు తలుపు కొట్టింది. ఖతీజా వెనక పెరట్లో ఉంది. హేమ్లి ఆమె ఎదుట నేల మీద కూర్చుని, ఎర్రమన్ను సంచి దగ్గర మొదలుపెట్టి ఇప్పచెట్టు దాకా అంతా చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే అదో తప్పించుకోవడం అనిపించింది.

ఖతీజా విని నవ్వింది. "రజాక్ పంపిండా నిన్ను? నన్ను దవాఖానాకు తోలనీకి గింత కథ అల్లినవా పిచ్చిదానా?"

నిజం చెప్పినా నమ్మనంత నమ్మకం! హేమ్లికి అంతకన్నా పెద్ద చెంపదెబ్బ ఇంకేముంది? లేచి వాకిట్లోకి పరుగెత్తింది. పాలు పోసే పగిడయ్య సైకిల్ పట్టుకుని వెళ్తున్నాడు. రెక్క పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది. నీళ్లకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఏమైందోనని వెనకే వచ్చారు. రానీ అనుకుంది.

"పగిడయ్యా, ఈ పువ్వు నాలుక ఏ రంగు? జెప్పు."

అతను పువ్వునూ హేమ్లినీ ఖతీజానూ మార్చి మార్చి చూశాడు. "గులాబీ రంగు కదమ్మా. ఏంది, మీకు కనవడ్తలేదా?"

ఖతీజా అద్దాలు తీయలేదు, తుడవలేదు. పువ్వు దగ్గరకు వంగి చూసింది. "గులాబీ," అంది. ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "అయితే నా కన్ను మంచిగనే ఉన్నది! నాకు మంచిగనే కనవడ్తంది!" చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయింది. ఆ చేతులు మధ్యలోనే ఆగాయి. అప్పుడు హేమ్లి వైపు తిరిగింది.

"మొక్క సచ్చిందని చెప్తే ఒక్కనాడు ఏడ్సేదాన్ని," అంది. గొంతు పెద్దది చేయలేదు. "తెల్వక చేసినవ్. వేర్లకు గాలి ఆడకుంట మన్ను కప్పితే దానికి సమాధి కట్టినట్టే, నీకేం ఎరుక? మన్ను వద్దని చెప్పకపోవుడు నా తప్పే. కానీ నా కన్ను పోయిందని ఇన్ని దినాలు ఏడ్సిన. నువ్వు గోడకు అవతలనే కూసోని ఇన్నవ్."

పగిడయ్య సైకిల్ దగ్గరకు వెళ్లిపోయాడు. ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. హేమ్లి తల ఎత్తలేదు.

"ఇది ఆయన మొక్క కాదు. నీ ఇంటికి తీస్కపో."

ఖతీజా ఎడమ కన్ను కూడా చేయించుకుంది. వచ్చాక రెండు అద్దాలతో కాలనీ అంతా తిరిగింది. హేమ్లి ఇంటి వైపు తప్ప. గోడ మీద గిన్నె దాటడం ఆగిపోయింది. కొళాయి దగ్గర పువ్వు కథను ఎవరెవరు ఎన్ని రకాలుగా చెప్పుకున్నారో చెప్పక్కర్లేదు. హేమ్లి బిందె నింపుకుని వచ్చేసేది. నవ్వేవాళ్ల మీద ఇదివరకటి కోపం కూడా రాలేదు. వాళ్లకు నవ్వే హక్కు ఉందనిపించేది. కుండను జామచెట్టుకు వేలాడదీసి రోజూ పొద్దున చెంబెడు నీళ్లు పోసి, ఇంకేమీ చేయకుండా ఊరుకునేది. వేర్లు కొత్తగా సాగి కుండ అంచు దాటి గాలిలోకి వచ్చాయి.

మరుసటి ఎండాకాలం మళ్లీ పూసింది. ఒక పొద్దున హేమ్లి నీళ్లు పోస్తుంటే గోడ అవతల దగ్గు వినిపించింది. ఖతీజా నిలబడి ఉంది. ఏడాది తర్వాత ఆ గోడ దగ్గర ఆమెను చూడడం అదే మొదలు. చేతిలో ఒక గిన్నె ఉంది, మూత పెట్టి ఉంది. గిన్నెను వెంటనే అందించలేదు.

"హేమ్లీ. ఆ పువ్వు ఏ రంగు?"

హేమ్లికి చెవుల దాకా వేడెక్కింది. చెంబు కింద పెట్టింది. నేల చూస్తూనే అంది.

"గులాబీ, ఖాలా."

"చూసి చెప్పు," అంది ఖతీజా.

హేమ్లి తలెత్తి చూసింది.